అది గేమ్ కాదండీ, లెక్కల హోంవర్కే

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెలలో చాలామంది ఫోన్ చేసి అడిగారు, "మావాడు పొద్దస్తమానం ల్యాప్‌టాప్‌లో విమానం నడుపుతున్నాడు, అడిగితే స్కూల్ పనే అంటున్నాడు, నిజమేనా మేడమ్?" అని. నిజమేనండీ, తొమ్మిది, పది తరగతులకి ఆ పని ఇచ్చింది మేమే.

ఫ్లైట్‌గేర్ అని, కంప్యూటర్‌లో విమానం నడిపినట్టు చూపించే, ఉచితంగా దొరికే సిమ్యులేటర్ అది. అందులో విమానం బొమ్మలోని ఒక్కో భాగం ఎంత తిరగాలో, ఎటు జరగాలో ఒక ఫైల్‌లో మనమే లెక్క రాసి పెట్టొచ్చు. ఎత్తు చూపించే ఆల్టిమీటర్‌లో 0 నుంచి 9 దాకా అంకెలుంటాయి, పెద్ద ముల్లు వెయ్యి అడుగులకి ఒక చుట్టు తిరగాలి, అంటే ఎత్తుని 0.36తో గుణిస్తే డిగ్రీలు వచ్చేస్తాయి, 2,500 అడుగుల దగ్గర ముల్లు రెండున్నర చుట్లు తిరిగి 5 మీద నిలబడాలి. నిలబడకపోతే లెక్క తప్పినట్టే, టీచర్ ఎర్రపెన్ను పట్టనక్కర్లేదు.

మొన్న ఒకమ్మాయి రెక్క వెనక ఉండే ఫ్లాప్‌ని కిందికి వంచబోయింది. ఫ్లాప్ విలువ 0 నుంచి 1 దాకా ఉంటుంది, డిగ్రీలు రావడానికి దాన్ని 30తో గుణించింది, అంతవరకు సరే. కానీ కీలు ఎక్కడుందో చెప్పడం మర్చిపోయింది. దాంతో ఫ్లాప్ రెక్క నుంచి ఊడొచ్చి గాల్లో తేలింది! చెప్పకపోతే కంప్యూటర్ మూలబిందువు చుట్టూ తిప్పేస్తుంది మరి. ఆ పిల్ల గంటసేపు కూర్చుని కీలు దగ్గర రెండు బిందువుల ఎక్స్, వై, జెడ్ కొలతలు తీసింది. నిరూపక జ్యామితి ఎందుకని ఏడాదంతా అడిగిన పిల్లేనండీ, నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. తర్వాత విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ వాళ్ల మ్యూజియంకి తీసుకెళ్తే, ఆ క్లాసంతా విమానాల రెక్కల వెనక కీళ్లే వెతికారు.

పదో తరగతి వాళ్లు ఇంజిన్ పిస్టన్ కదిలిస్తున్నారు. అందులో సైన్, కాస్, పైథాగరస్ అన్నీ కావాలి, కాస్త టైమ్ పడుతుంది, తొందరపెట్టకండి.

వచ్చే వారం పని కాక్‌పిట్ గడియారం. గంటల ముల్లుకి గంటకి 30 డిగ్రీలని మాత్రమే రాస్తే మూడున్నరకి కూడా అది మూడు మీదే ఉంటుంది, నిమిషానికి అర డిగ్రీ కలపాలి. ఇది పిల్లలకి ముందే చెప్పేయకండి, దయచేసి. ఇంట్లో పాత గోడ గడియారం ఉంటే సోమవారం పంపించండి, ఆగిపోయినదైనా ఫర్వాలేదు, ముళ్లు చేత్తో తిరిగితే చాలు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు, బెంగళూరు