తలసేమియా పిల్లలకు వేసవి సెలవులు లేవు

సంపాదకుడు గారికి,

నమస్కారం. నాయకుల పుట్టినరోజులకూ వర్ధంతులకూ జరిగే రక్తదాన శిబిరాల ఫొటోలు మీ జిల్లా పేజీలో తరచూ వస్తుంటాయి. వాటిని చూసీచూడనట్టు పేజీ తిప్పేయడం నాకు సాధ్యం కాదు. ఎన్ని యూనిట్లు సేకరించారో వెతికి, ఆ రక్తం ఎప్పటిదాకా నిలవ ఉంటుందోనని ఆ తేదీకి 35 రోజులు కలిపి లెక్క వేసుకోవడం అలవాటైపోయింది. నా మనవరాలికి తలసేమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు. ఇప్పుడు ఆరేళ్లు. ఏడో నెలలో జబ్బు బయటపడినప్పటి నుంచి, మూడు వారాలకోసారి ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి ఇచ్చిన రక్తం ఎక్కితేనే ఆ పిల్ల బడికి వెళుతోంది, ఆడుకుంటోంది.

రక్తం ఎక్కించే రోజు దగ్గరపడుతోందని తెలుసుకోవడానికి మా ఇంట్లో క్యాలెండరు చూడనవసరం లేదు. మేడ మెట్లు పరుగున ఎక్కే పిల్ల మూడో మెట్టు మీద కూర్చుని, ‘తాతా, ఎత్తుకో’ అంటుంది. పెదవులు పాలిపోతాయి, ఊరికే విసుక్కుంటుంది. రక్తం ఎక్కించే ముందు కూడా హిమోగ్లోబిన్ తొమ్మిదికి తగ్గకుండా చూసుకొమ్మని డాక్టర్లు చెబుతారు. అలా ఎక్కించిన రక్తంతో పాటు ఒంట్లో చేరే ఇనుము బయటికి పోయే దారి లేక గుండెనూ కాలేయాన్నీ పాడుచేస్తుంది కనుక, దాన్ని తీసేసే మందు రోజూ వేయాలి. పొద్దున్నే పరగడుపున మాత్రను గ్లాసు నీళ్లలో కరిగించి తాగించాలి, అరగంట దాకా ఏమీ పెట్టకూడదు. గ్లాసు అడుగున మిగిలిన పొడిలో మళ్లీ కాసిని నీళ్లు పోసుకుని, కలిపి తాగేయడం మా పిల్ల తనంతట తానే నేర్చుకుంది.

ఇక లెక్క చెబుతాను. మూడు వారాలకోసారి అంటే ఏడాదికి 17 లేదా 18 సార్లు. ఆరోగ్యంగా ఉన్న మగవాడు మూడు నెలలకోసారి, అంటే ఏడాదికి నాలుగుసార్లు మాత్రమే రక్తం ఇవ్వగలడు. సారికి ఒక యూనిట్ సరిపోయే ఈ వయసులోనే ఒక్క పిల్లను నిలబెట్టడానికి నలుగురైదుగురు దాతలు ఏడాది పొడవునా తప్పకుండా ఇవ్వాలి. పిల్ల పెరిగేకొద్దీ ఆ సంఖ్యా పెరుగుతుంది. పోనీ ఇంట్లోవాళ్లం ఇద్దామంటే, ఈ జబ్బే అడ్డు. తల్లిదండ్రులిద్దరూ తలసేమియా క్యారియర్లయితేనే, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువును మోస్తున్నవారైతేనే, బిడ్డకు ఇది వస్తుంది, క్యారియర్లకేమో సాధారణంగా హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటుంది. దాతకు 12.5 ఉండాలన్నది నిబంధన. నా కూతురికి పది దగ్గరే ఆగిపోతుంది, అల్లుడికి ఏనాడూ పన్నెండు దాటలేదు. నాకు 67 ఏళ్లు, దాతల వయోపరిమితి 65. దాతను తెచ్చుకోమని ఏ కుటుంబానికి చెబుతున్నారో ఆ కుటుంబమే రక్తం ఇవ్వలేనిది అన్న సంగతి కౌంటర్ దగ్గర ఎవరికీ పట్టదు.

నిరుడు మే నెలలో జరిగింది ఇదే. మాకు 40 కిలోమీటర్ల దూరంలోని పట్టణంలో, ఏ బ్లడ్ బ్యాంకని పేరు చెప్పను, బి పాజిటివ్ ప్యాకెట్ ఉంది కానీ బదులు దాతను, అంటే ఆ ప్యాకెట్‌కు బదులుగా రక్తం ఇచ్చే మనిషిని, తీసుకొస్తేనే ఇస్తామన్నారు. అరుదైన గ్రూపు కూడా కాదది. డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీలకు సెలవులిచ్చేశారు, హాస్టళ్లు ఖాళీ. ఎండ భయానికి శిబిరాలూ లేవు. మా అల్లుడు ఆటో పక్కన పెట్టి రెండు రోజులు తిరిగితే, సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే ఒక కుర్రాడు వచ్చి ఇచ్చాడు. అప్పటికి పిల్ల హిమోగ్లోబిన్ 6.8కి పడిపోయింది. ఆ అబ్బాయి టీ కూడా తాగకుండా, యజమాని కేకలేస్తాడంటూ వెళ్లిపోయాడు.

సుప్రీంకోర్టు తీర్పు ఫలితంగా 1998 నుంచి రక్తం అమ్ముకునే దాతల పద్ధతి ఆగిపోయింది. బదులు దాతల పద్ధతిని కూడా క్రమంగా మాన్పించి పూర్తిగా స్వచ్ఛంద దానం మీద ఆధారపడాలని 2002 నాటి జాతీయ రక్త విధానం చెప్పింది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ రోగులకు రక్తం ఉచితంగా ఇవ్వాలన్న ఆదేశాలూ ఉన్నాయి. మన రాష్ట్ర ప్రభుత్వం ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది, మందులకూ ప్రయాణాలకూ అది ఎంత ఆసరాయో అనుభవించేవాళ్లం కనుక కృతజ్ఞతతోనే చెబుతున్నాను. అయితే రక్తం పింఛను డబ్బుతో దొరికే వస్తువు కాదు.

లోటు దాతల్లో ఉందని నేను అనుకోవడం లేదు. సేకరించిన రక్తం సంచిని బట్టి 35 నుంచి 42 రోజులే నిలవ ఉంటుంది. పైగా ఈ పిల్లలకు వీలైనంత తాజాది, రెండు వారాల లోపుదైతే మేలని డాక్టర్లు అంటారు. ఒకే పుట్టినరోజున రెండు వందల యూనిట్లు తీసి, తర్వాత రెండు నెలలు ఊరుకుంటే మా పిల్లకు ఒరిగేదేమిటి? జిల్లాలోని తలసేమియా పిల్లల పేర్లు, గ్రూపులు, ఎక్కించాల్సిన తేదీలు ప్రభుత్వ బ్లడ్ బ్యాంకులో నమోదై ఉండాలి. ఏప్రిల్, మే, జూన్ నెలలకు శిబిరాల తేదీలను ఆ నమోదును చూసి జనవరిలోనే ఖరారు చేయాలి. కాలేజీలు మూసి ఉన్నప్పుడు బ్యాంకులు, ఆర్టీసీ డిపోలు, పోలీసు కార్యాలయాలు, మిల్లులు తెరిచే ఉంటాయి కదా. ఫోన్ చేసి దాతను పిలిచే పని బ్లడ్ బ్యాంకుది కావాలి, బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లిది కాకూడదు. శిబిరాలు పెట్టే అభిమాన సంఘాలవారు కూడా తేదీ పెట్టుకునే ముందు బ్లడ్ బ్యాంకును ఒక్క మాట అడిగితే చాలు.

మరో మాట. మాది మేనరికం కాదు, అయినా ఊళ్లో అందరూ మొదట అడిగేది అదే. గర్భిణికి తొలి నెలల్లో చేసే రక్తపరీక్షలతో పాటు తలసేమియా క్యారియర్ పరీక్ష కూడా చేసి, ఆమె క్యారియర్ అని తేలితే భర్తకూ చేస్తే, ఇద్దరూ క్యారియర్లయిన పక్షంలో కాన్పు కాన్పుకూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉందని దంపతులకు ముందే తెలుస్తుంది. మా అమ్మాయికి ఆ పరీక్ష సంగతి చెప్పినవారే లేరు.

మే 8న ప్రపంచ తలసేమియా దినం. ఆ రోజు అక్కడక్కడా శిబిరాలు పెడతారు, సంతోషమే. ఆనాటి రక్తం నిలవ ఉన్నా జూన్ మూడో వారం దాకానే. మా మనవరాలికి ఈ వేసవిలో రక్తం ఎక్కించాల్సిన రోజులు ఏప్రిల్ 28, మే 19, జూన్ 9, జూన్ 30.

భవదీయుడు,
ఒక విశ్రాంత సబ్ పోస్టుమాస్టర్,
పల్నాడు జిల్లా