బిడ్డా, గోలీ వేసుకొని పనికి పోకు

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "పొద్దున ఒక గోలీ, రాత్రి ఒక గోలీ వేసుకుంటే నడుం నొప్పి యాదికే రాదు నాయినా" అన్నావు. ఎంత మామూలుగా అన్నావో! టైల్స్ పనిలోకి పోయి రెండేళ్ళు నిండలేదు. ఈ వయసులో నడుముకు రోజూ గోలీ కావాల్సి వస్తుందంటే పని చేసే తీరులోనే ఎక్కడో తప్పుంది. ఫోన్‌లో చెప్తే ఊఁ ఊఁ అని పెట్టేస్తావని ఇదంతా రాస్తున్నా. రూంలో ఉన్న తోటి పిల్లలకు కూడా చదివి వినిపించు.

ముందు ఆ గోలీ సంగతి. మెడికల్ షాపులో "ఒళ్ళు నొప్పులకు ఇవ్వు" అనగానే చేతిలో పెట్టేది చాలాసార్లు డైక్లోఫెనాకో, అసిక్లోఫెనాకో అయ్యుంటుంది. రెండు మూడు రోజులకు డాక్టరు రాసిస్తే అది మందే. నెలల తరబడి మింగితే రెండు చోట్ల దెబ్బ కొడుతుంది. ఒకటి కడుపు. లోపలి పొర పుండు పడి నెత్తురు కారుతుంది. దొడ్డికి తారులాగా నల్లగా, జిగటగా వచ్చిందంటే కడుపులో నెత్తురు పోతోందని అర్థం, ఆ రోజే దవాఖానకు పోవాలి. రెండోది కిడ్నీలు. ఎండలో చెమటలు కక్కి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీలకు నెత్తురు అందేటట్టు ఒళ్ళే ఒక ఏర్పాటు చేసుకుంటుంది. ఈ గోలీ సరిగ్గా ఆ ఏర్పాటును ఆపేస్తుంది. ఆఫీసులో ఏసీ కింద కూర్చునే మనిషికంటే స్లాబ్ మీద చెమటోడ్చే మనిషికి ఇది ఎక్కువ ప్రమాదం అందుకే. కిడ్నీ చెడిపోతున్నప్పుడు నొప్పి కూడా ఉండదు బిడ్డా. కాళ్ళు వాచి, మూత్రం నురగ నురగగా పోయేదాకా చాలామందికి తెలియదు.

నీ దగ్గర్లో బస్తీ దవాఖాన, అదే సర్కారు చిన్న ఆసుపత్రి, ఉంటుంది. పోయి బీపీ చూపించుకో, ఇన్ని నెలలు నొప్పి గోలీలు మింగినానని దాచకుండా చెప్పి కిడ్నీలు ఎట్లా పని చేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్షకు నెత్తురు, మూత్రం ఇవ్వు. పైసలు అడగరు. క్రియాటినిన్ 1.2, 1.3 లోపల ఉంటే మగవాళ్ళకు మామూలే. ఎక్కువ వస్తే డాక్టరు చెప్పినట్టు నడుచుకో.

ఇంకొక మాట. పేరు లేని కాగితం పొట్లంలో రంగురంగుల గోలీలు కలిపి ఇచ్చేవాళ్ళుంటారు. ఒక్క పూటలో నొప్పులన్నీ మాయం. అంత తొందరగా పని చేసిందంటే అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. నెలల తరబడి వేసుకుంటే ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. చాలా రోజులుగా వేసుకుంటున్నవాళ్ళు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. డాక్టరుకు ఆ పొట్లం చూపించి మెల్లగా తగ్గించుకోవాలి. మీ రూంలో ఎవరైనా అట్లాంటివి వాడుతుంటే ఈ ముక్క తప్పకుండా చెప్పు.

మరీ తట్టుకోలేని రోజున పారాసిటమాల్ 650 ఒకటి, అన్నం తిన్నాక. మళ్ళీ వేసుకోవాలంటే ఆరు గంటలు ఆగు. కల్లు, మందు తాగిన రాత్రి అది కూడా వద్దు. గోలీ వేసుకోవాల్సి వచ్చిన రోజు బరువులెత్తే పని పెట్టుకోకు. నొప్పి తెలియకుండా చేసి అదే బరువు మళ్ళీ ఎత్తడంతోనే చిన్న పట్టు పెద్ద దెబ్బవుతుంది.

ఇక ఆ నడుం ఎందుకు పడుతోందో చూద్దాం. రెండడుగుల టైల్స్ డబ్బా ఒకటి 25 నుంచి 30 కిలోల దాకా తూగుతుంది. సిమెంటు బస్తా 50. గ్రానైట్ రాయి 18 మిల్లీమీటర్ల మందంలో చదరపు అడుగుకు నాలుగున్నర కిలోలు. అంటే ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న వంటింటి గట్టు రాయి 70 కిలోలు దాటుతుంది. ఇది ఇద్దరు మోసే బరువు కాదు, నలుగురు పట్టాలి. "ఇద్దరం చాలులే" అని ఎవరన్నా ఉడుకు చూపిస్తే నువ్వు పక్కకు జరుగు.

నడుం పట్టేది బరువుతో మాత్రమే అనుకోకు. వంగి ఎత్తి, పాదాలు కదపకుండా నడుమును పక్కకు తిప్పి పెట్టడం ఉంది చూడు, దానితోనే ఎక్కువ. టైల్స్ పనిలో రోజంతా అదే కదా. కుడి పక్కన డబ్బా, ఎడమ పక్కన మాలు (కలిపిన సిమెంటు), మధ్యలో నువ్వు. ఎత్తేటప్పుడు డబ్బాకు ఎదురుగా నిలబడు, ఒక కాలు కొంచెం ముందుకు పెట్టు, మోకాళ్ళు వంచు, డబ్బాను పొట్టకు ఆనించుకొని లే. తిరగాలంటే పాదాలతో తిరుగు. డబ్బాలు నేల మీద పరవకుండా ఇటుకల మీదో, పలక మీదో మోకాలి ఎత్తులో పెట్టించుకో. ఆ అడుగున్నర ఎత్తే నడుమును సగం కాపాడుతుంది. పొద్దున లేచిన మొదటి గంట వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండ్లు రాత్రంతా నీరు పీల్చి ఉబ్బి ఉంటాయి. అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. అందుకని సైటుకు పోగానే బస్తాలు దించకు. ముందు మట్టం చూడటం, దారం కట్టడం లాంటి పనులు పెట్టుకో.

పట్టేసిన నడుముతో మంచానికి అతుక్కుపోవడం కూడా పనికిరాదు. ఒకటి రెండు రోజులు బరువులు మానేసి, ఇంట్లోనే మెల్లగా నడువు. నడుం తొక్కించుకోవడం, విరిపించుకోవడం వద్దు. నొప్పి పిర్ర నుంచి మోకాలు దాటి పాదం దాకా లాగుతుంటే ఎముకల డాక్టరుకు చూపించాలి. కాలు బలం తగ్గినా, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, మూత్రం బిగుసుకుపోయినా తెల్లారేదాకా ఆగకు, ఆ రాత్రే పెద్ద దవాఖానకు పో. ఆలస్యమైతే నరం తిరిగి కోలుకోదు.

మోకాళ్ళకు దిండ్లు కట్టుకుంటున్నావా? ఉత్త మోకాలితో గచ్చు మీద రోజంతా ఆనితే చిప్ప ముందు నీరు చేరి మెత్తగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బును సూదితో పొడిపించుకోకు. ఎర్రగా, వేడిగా అయి జ్వరం తగిలితే చీము పడుతోందన్నమాట. గొంతుకూర్చొని గంటలు గంటలు పని చేస్తే ఇంకో చిక్కుంది. మోకాలి పక్క నుంచి దిగే నరం నలుగుతుంది. నడుస్తుంటే ఒక కాలి చెప్పు ఊరికే జారిపోతోంది, బొటనవేలు పైకి లేవడం లేదు అంటే అదే. చెప్పు వదులైందని కొత్తది కొనుక్కొని ఊరుకుంటారు చాలామంది! ఇరవై నిమిషాలకొకసారి లేచి నాలుగడుగులు వెయ్యి. చిన్న పీట ఒకటి వెంట పెట్టుకో, గోడ కింది వరుసకు దాని మీద కూర్చోవచ్చు.

తడి సిమెంటు సున్నం లాంటిదే, కాలుస్తుంది. నిప్పు తగిలినట్టు వెంటనే మండదు, అక్కడే మోసపోతాం. మాలు చెప్పులోకి, ప్యాంటు మోకాలి దగ్గరికి చేరి రెండు మూడు గంటలు ఉంటే, సాయంత్రం స్నానం చేసేటప్పుడు తోలు ఊడి వస్తుంది. మాలు అంటిన బట్ట వెంటనే విప్పెయ్యి, మంచి నీళ్ళు ధారగా ఇరవై నిమిషాలు పొయ్యి. నిమ్మకాయ, పసుపు, పేస్టు ఏవీ పుయ్యకు. తాపీలు కడిగిన బకెట్‌లోనే చేతులు కడుక్కోవడం మన సుతారి పనిలో అందరికీ అలవాటు. ఆ నీళ్ళు కూడా సిమెంటు నీళ్ళే. చేతులకు వేరే బకెట్ పెట్టించు. వేళ్ళ సందుల్లో దురద మొదలై, పగిలి, పనికి పోయినప్పుడల్లా తిరగబెడుతుంటే సిమెంటులోని క్రోమియం పడటం లేదన్నమాట. అది ఒకసారి పట్టుకుంటే మళ్ళీ వదలదు, అందుకే మొదటి నుంచే లోపల గుడ్డ ఉన్న రబ్బరు గ్లవుజులు వేసుకో. కంట్లో పడితే నలపకుండా ధారగా నీళ్ళు పోసుకుంటూనే కళ్ళ డాక్టరు దగ్గరికి పో.

అన్నిటికంటే నాకు ఎక్కువ భయం దుమ్ముతో. గ్రానైట్‌లో, టైల్స్‌లో, ఇసుకలో ఉండే సిలికా కట్టర్ కింద పిండై గాలిలో కలుస్తుంది. కంటికి కనపడే తెల్లటి పొగ ముక్కులోనే చాలావరకు ఆగుతుంది. కనపడనంత సన్నటిదే ఊపిరితిత్తుల అడుగుకు పోయి కూర్చుంటుంది. అక్కడ మచ్చలు కట్టి, ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దాని పేరు సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు లేదు. పని మానేసినాక కూడా ముదురుతుంది. ఇప్పుడు వంటింటి గట్లకు క్వార్ట్జ్ అని కొత్త రాయి వస్తోంది కదా, ఫ్యాక్టరీలో తయారు చేసేది. అందులో 90 శాతం దాకా సిలికానే ఉండొచ్చు. ఆ రాయి కోసే పిల్లలు చిన్న వయసులోనే జబ్బున పడుతున్నారని ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుంచి దాన్ని నిషేధించారు. మన దగ్గర మాత్రం మూతికి కర్చీఫ్ కట్టుకొని కోస్తున్నాం.

కర్చీఫ్, తువ్వాలు సన్న దుమ్మును ఆపవు. ఎన్95 మాస్కు తెచ్చుకో. రెండు పట్టీలుంటాయి, ఒకటి నడినెత్తి మీదికి, ఒకటి చెవుల కిందుగా మెడ వెనక్కి. ముక్కు మీద రేకును రెండు వేళ్ళతో నొక్కి, గట్టిగా ఊపిరి వదులు. గాలి పక్కల నుంచి తగులుతుంటే అది పెట్టుకున్నట్టు కాదు. గడ్డం ఉంటే మాస్కు అతకదు, గీయించుకో. తీసి జేబులో కుక్కితే లోపలికే దుమ్ము చేరుతుంది, శుభ్రమైన కవర్లో పెట్టు. ఊపిరి తీయడం బరువైతే కొత్తది వాడు.

మాస్కుకంటే ముందు దుమ్ము లేవకుండా చూసుకోవాలి. తిన్నటి కోతలన్నీ చేతితో గీసి విరిచే టైల్ కట్టర్ మీద చెయ్యి, అసలు దుమ్మే ఉండదు. గ్రానైట్ పెద్ద కోతలు, అంచు పాలిష్ రాయి కొన్న చోటే నీళ్ళ మిషను మీద చేయించమని మేస్త్రీకి చెప్పు. సైటులో తప్పదనుకుంటే బ్లేడు మీదికి నీళ్ళు వచ్చే పైపున్న కట్టరే వాడు. మామూలు కట్టర్ మీద సీసాతో నీళ్ళు పోయిస్తే మోటారులోకి దిగి షాక్ కొడుతుంది. ప్లగ్గు లేకుండా రెండు తీగలు సాకెట్‌లో దోపి అగ్గిపుల్లతో బిగించడం ఏ సైటులో చూసినా ఉంటుంది. తడి నేల మీద అది చావుతో ఆట. 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, ఉన్న బోర్డు నుంచే కరెంటు తీసుకో. బ్లేడు మీది గార్డు పీకెయ్యకు, మెడలో తువ్వాలు వేలాడనివ్వకు.

సాయంత్రం పొడి చీపురుతో ఊడ్చితే పొద్దుటి నుంచి కింద పడిన దుమ్మంతా మళ్ళీ లేస్తుంది. నీళ్ళు చల్లి ఊడ్చండి. పని బట్టలు రూంలో దులపకు, బకెట్‌లో నానెయ్యి.

దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించుకో, సర్కారు దవాఖానలో ఉచితమే. సిలికా పట్టిన ఊపిరితిత్తికి టీబీ తొందరగా అంటుకుంటుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనపడి డాక్టర్లే పొరబడతారు కూడా. అందుకని ఏ డాక్టరు దగ్గరికి పోయినా మొదటి మాటగా చెప్పు: "గ్రానైట్, టైల్స్ కోస్తాను, ఇన్నేళ్ళ నుంచి, రోజుకు ఇన్ని గంటలు." చీటీ మీద రాయించు. అనుమానం ఉంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోని ఛాతీ దవాఖానకు పంపమని అడుగు. పాత ఎక్స్‌రే ఫిల్ములు పారెయ్యకు, కొత్తదాని పక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

ఎండాకాలం దాహమయ్యేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్ళు తాగు. మధ్యలో ఉప్పేసిన మజ్జిగ, అంబలి. ఓఆర్ఎస్ అయితే పెద్ద పాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలుపు, సగం సగం కలపొద్దు. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్ళు చాలలేదని గుర్తు. తోటి మనిషి తికమకగా మాట్లాడుతూ, ఒళ్ళు కాలిపోతూ పడిపోతే నీడకు లాగి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్ళు పోసి విసురుతూనే 108కి ఫోన్ చెయ్యండి. సోయి లేని మనిషి నోట్లో నీళ్ళు పోయొద్దు.

చివర్లో టైల్స్ కడిగే యాసిడ్ విషయంలో పైలం. దాన్ని బ్లీచింగ్ పౌడరుతో కలిపితే విషవాయువు పుడుతుంది. బాత్రూం తలుపు మూసి అస్సలు కడగకు.

నీకు మాలు అందించే అక్కల సంగతి కూడా చూడు. వాళ్ళ నెత్తిన గమేళా నిండా మాలు పెట్టించకు, ముప్పావుకు ఆపు. గమేళా కింద నెత్తిన పెట్టుకునే సుట్టబట్ట మందంగా చుట్టుకోనివ్వు. నువ్వు కిందికి వంగి అందుకుంటే వాళ్ళ మెడకు ఒక కుదుపు తగ్గుతుంది.

భవన కార్మికుల కార్డు ఇంకా తీసుకోలేదని విన్నా. 18 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్ళకు ఇస్తారు. ఆధార్, బ్యాంకు పుస్తకం, ఫోటోలు తీసుకొని మీసేవకు పో. పెద్ద జబ్బుకు ఆరోగ్యశ్రీలో 10 లక్షల దాకా ఉంది, రేషన్ కార్డులో నీ పేరు సరిగ్గా ఉందో లేదో ఇక్కడ నేను చూస్తా.

మీ అమ్మ జొన్నపిండి పంపిస్తోంది, బస్సులో వేస్తాం. ఈ ఆదివారం ఫోన్ చేసేటప్పుడు బీపీ ఎంత, క్రియాటినిన్ ఎంత వచ్చిందో కాగితం చూసి చదువు. మిగిలిన గోలీలు ఎన్ని ఉన్నాయో, వాటి మీద ఏం పేరు రాసుందో కూడా చెప్పు.

మీ నాయిన