వాటర్‌షెడ్ బృందాల్లో ఎవరి పని ఏదో రాసి పెట్టాలి

సంపాదకులు గారికి,

వానాకాలం దగ్గరపడితే చెక్‌డ్యాంల గురించీ, పూడికతీత గురించీ, మంజూరైన నిధుల గురించీ పత్రికల్లో వార్తలు వస్తుంటాయి. కట్టినవాటిని ఆ తర్వాత చూసుకునే మనుషుల సంగతి మాత్రం అరుదుగా కనిపిస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక మెట్ట గ్రామంలో ఆరేళ్లుగా వాటర్‌షెడ్ (ఒక వంకలోకి వాననీరు చేరే ప్రాంతమంతా) బాగోగులు చూసే స్వచ్ఛంద బృందంలో తిరుగుతున్న రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ని, మూడెకరాల వేరుసెనగ రైతుని. అందుకే ఆ సంగతి రాస్తున్నాను.

రెండేళ్ల కిందట అక్టోబరులో మా ఊరి వంక మీది చెక్‌డ్యాంకు ఎడమవైపు రెక్కగోడ (ఒడ్డును ఆనుకుని ఉండే పక్కగోడ) వెనకాల పిడికిలి పట్టేంత బొరియ పడింది. పశువులు తోలుకెళ్లే కుర్రవాడొకడు దాన్ని ఫొటో తీసి బృందం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. 11 మందిమి బొటనవేలు బొమ్మ పెట్టాం. చూశామని తెలియజేస్తే పని అయిపోయినట్టే అనుకున్నాం. పది రోజుల తర్వాత ఒక రాత్రి కురిసిన వానకు నీళ్లు ఆ బొరియలో దూరి, గోడ పక్కనుంచి దారి చేసుకున్నాయి. తెల్లవారి వెళ్లి చూస్తే చెక్‌డ్యాం చెక్కుచెదరకుండా నిలబడే ఉంది, వంక మాత్రం దాన్ని వదిలేసి పక్కనుంచి పారుతోంది. ఆ దారిలో ఉన్న అరెకరం వేరుసెనగ, పైమట్టితో సహా కొట్టుకుపోయింది. గట్టు మీద 14 మందిమి నిలబడ్డాం. ఎవరిని అడిగినా ఒకటే జవాబు: ‘ఇంకెవరో వాటర్‌షెడ్ కమిటీకి చెప్పి ఉంటారనుకున్నా.’ వారిలో ఒక్కరూ అబద్ధం చెప్పలేదు.

మరమ్మతుకు డబ్బు లేక కాదు. ప్రాజెక్టు నడిచిన రోజుల్లో రైతుల వాటా కింద జమ చేసిన వాటర్‌షెడ్ అభివృద్ధి నిధి బ్యాంకులో ఉంది. తీయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. ఆ ఇద్దరిలో ఒకరు బెంగళూరుకు వెళ్లిపోయి మూడేళ్లయింది, ఆయన స్థానంలో ఇంకొకరి పేరు ఎక్కించాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పేరు మార్పించి డబ్బు తీసేసరికి మరో వానాకాలం వెళ్లిపోయింది.

నియమాలు లేవని అనడం నా ఉద్దేశం కాదు. 1994లో కేంద్రం వేసిన హనుమంతరావు కమిటీ ఇచ్చిన నివేదిక ఆధారంగా మరుసటి ఏడాది అమల్లోకి వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్లను ఒక యూనిట్‌గా తీసుకుని గ్రామస్థుల కమిటీకి పని అప్పగించాయి. 2003లో ‘హరియాలీ’ పేరుతో వచ్చిన కొత్త మార్గదర్శకాలు పంచాయతీలను ముందుకు తెచ్చాయి. 2008 ఉమ్మడి మార్గదర్శకాలు కమిటీలో కనీసం పదిమంది ఉండాలనీ, అందులో సగం మంది స్వయం సహాయక బృందాలు, వినియోగదారుల సంఘాలు, ఎస్సీ ఎస్టీలు, మహిళలు, భూమి లేనివారి ప్రతినిధులై ఉండాలనీ చెప్పాయి. కట్టినవాటి నిర్వహణ వినియోగదారుల సంఘాలదేనని కూడా అందులోనే ఉంది. అయితే మా ఊళ్లో ఏ రైతునైనా ఆపి ‘నువ్వు ఏ వినియోగదారుల సంఘంలో ఉన్నావు?’ అని అడగండి, నవ్వి వెళ్లిపోతాడు. ప్రాజెక్టు గడువు ముగియగానే కార్యదర్శి గౌరవ వేతనం ఆగిపోతుంది, అధికారుల రాకపోకలు తగ్గుతాయి, బోర్డు మీది రంగు వెలుస్తుంది. అప్పుడు మిగిలేది జీతం భత్యం లేని నాలాంటివాళ్లే. మాకు ఉత్సాహం ఉంది. ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పే కాగితం మాత్రం లేదు.

వాలంటీర్ అనగానే మన రాష్ట్రంలో 2019 నాటి గ్రామ వాలంటీర్లు గుర్తుకొస్తారు. ఆ వ్యవస్థ మంచిచెడ్డల జోలికి నేను పోను. ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి: తన 50 ఇళ్లు ఏవో ఆ వాలంటీరుకు తెలిసేది, తన వాలంటీరు ఎవరో ఆ ఇళ్లకూ తెలిసేది. మా బృందంలో ఏ గట్టు ఎవరిదో గట్టుకూ తెలియదు, మాకూ తెలియదు. ఇంకా వెనక్కి వెళితే మన చెరువుల కింద నీరుగంటి ఉండేవాడు. తూము తీయడం, ఏ మడికి ఎంత నీరు పారాలో చూడడం, కట్ట మీద తిరగడం ఆయన పని. అందుకు పంట కళ్లంలో ఆయనకు వాటా ఉండేది. చెరువుల బాగు కోసం ఇచ్చిన మాన్యాలు, దశబంధం ఇనాములు, రాయలసీమలో ఉండేవి. ఆ పాత ఏర్పాటులో కులం పేరుతో జరిగిన అన్యాయాలు నాకు తెలియనివి కావు, వాటిని మళ్లీ తెమ్మనడం లేదు. ఫలానా పని ఫలానా వారిదని ఊరందరికీ తెలిసి ఉండడం ఒక్కటే అందులోంచి తీసుకోమంటున్నాను.

గండి పడ్డ తర్వాతి వేసవిలో గ్రామసభ పెట్టి మా బృందం పనులు రాసుకున్నాం. పెద్దల్లో ఒకరు, ‘మన ఊరి పని మనం చేసుకోవడానికి కాగితాలెందుకు సారూ, రాసి పెడితే ఉన్నవాళ్లూ పారిపోతారు’ అన్నారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ పని హద్దు తెలియనప్పుడే మనిషి ఎక్కువ భయపడతాడని మా అనుభవం. తనకు అప్పజెప్పింది ఒక ఫర్లాంగు వంక మాత్రమేనని తెలిశాక ముందుకొచ్చినవాళ్లు అంతకుముందు లేరు.

వాన లెక్క రాయడం ఒకరి పని, వారు లేని రోజున రాయడానికి రెండో పేరు. ఉదయం 8.30కి వానమాపకంలోని నీటిని కొలిచి పుస్తకంలో ఎక్కించాలి. ఇది చిన్న పని కాదు. ఒక్క మిల్లీమీటరు వాన పడితే హెక్టారుకు పది వేల లీటర్లు, మా 500 హెక్టార్ల మీద 50 లక్షల లీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదికి వచ్చేది 550 మిల్లీమీటర్ల దరిదాపు, కాబట్టి ఒక రోజు లెక్క తప్పినా రబీకి ఏ పంట పెట్టవచ్చో చెప్పడం కష్టమవుతుంది. అంతకుముందు మా వానమాపకం గరాటులో కందిరీగలు గూడు పెట్టుకుంటే మూడు నెలల పాటు పుస్తకంలో వరసగా సున్నాలు పడ్డాయి, ఎవరూ అనుమానించలేదు! పదిహేను రోజులకోసారి ఐదు పరిశీలన బావుల్లో కొలతకు ముడులు వేసిన తాడు దించి నీటిమట్టం చూడడం మరో ఇద్దరి పని. గతంలో అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను ఇలా కొలిచి పంటలు నిర్ణయించుకున్న పథకం నడిచింది. మాకు ఆ దారి కొత్త కాదు.

పెద్ద తగాదా వచ్చింది కొలతల దగ్గర. కందకం పొడవు కొలిచి రాసేది, డబ్బు చెల్లింపుకు సంతకం పెట్టేది ఒకరే కాకూడదని రాశాం. ఈ ఒక్క వాక్యం మీద రెండు సభలు గడిచాయి. ఇన్నాళ్లూ రెండూ చేసినాయన నిజాయితీపరుడే, ఆయనకు మనసు కష్టపడింది. ‘నన్ను దొంగనంటున్నారా?’ అన్నారు. కాదండీ, రేపు మీ తర్వాత వచ్చేవారి కోసమని చెప్పి ఒప్పించడానికి నా ముప్పై ఏళ్ల బడి అనుభవమంతా ఖర్చయింది. సంతకం అధికారం ఉన్నవారు ఊరు విడిచి ఆరు నెలలు దాటితే వెంటనే వేరొకరి పేరు ఎక్కించాలన్న నియమం మాత్రం ఒక్క నిమిషంలో ఖాయమైంది.

చేయకూడని పనులు కూడా రాయాలని నా గట్టి అభిప్రాయం. వంక పారుతున్నప్పుడు ఎవరూ దిగకూడదు. గండి కనిపిస్తే ఒంటరిగా పూడ్చబోకుండా అదే రోజు కమిటీకి ఫోన్ చేసి చెప్పాలి, గ్రూపులో ఫొటో పెడితే చెప్పినట్టు కాదు. పై పొలం, కింది పొలం రైతుల నీటి తగవుల్లో స్వచ్ఛంద సభ్యులు తీర్పు చెప్పకూడదు, అది గ్రామసభ పని. చెక్‌డ్యాం ఎత్తు పెంచడం, నీటిని ఆపే చెక్కలు తీయడం వంటివి పంచాయతీ తీర్మానం లేకుండా ముట్టుకోకూడదు.

మా పట్టికలో నాకు బాగా నచ్చిన పేరు మేకలు మేపే ఒకాయనది. గుట్ట మీద మొక్కలు నాటిన ఏడాది ఆయన మేకల మీద అందరం విరుచుకుపడ్డాం. ఈసారి గుట్ట మీది కందకాలు, రాతి కట్టలు చూసే బాధ్యత తీసుకుంటారా అని అడిగితే, ‘ఆడ రాయి కదిలినా నాకు తెలుస్తాది సార్, ఇన్నాళ్లూ నన్నెవరూ అడగల్యా’ అన్నాడు. శ్రమదానానికి సగానికి పైగా వచ్చేది ఆడవాళ్లే అయినా, మొదటి చిత్తులో ఐదు బాధ్యతల ఎదుటా మగవాళ్ల పేర్లే రాశామన్న సంగతి కూడా చదివి వినిపించినప్పుడే బయటపడింది. ఇప్పుడు వాన లెక్క, బావుల లెక్క, సామాన్ల నిల్వ పుస్తకం వాళ్ల చేతుల్లో ఉన్నాయి.

వాటర్‌షెడ్ ప్రాజెక్టు ముగించే ముందు ప్రతి గ్రామంలో ఇలాంటి పట్టికను తెలుగులో రాయించి, గ్రామసభలో చదివించి, పంచాయతీ కార్యాలయం గోడ మీద అంటించిన తర్వాతే అప్పగింత పూర్తయినట్టు లెక్కించాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఏడాదికోసారి, మే నెలలో, పేర్లు సరిచూసి మార్చే ఏర్పాటు కూడా ఉండాలి. దీనికి ప్రత్యేక నిధులు అక్కర్లేదు. మా పట్టిక రెండు పేజీలే. కావలసిన గ్రామాలవారు మా పంచాయతీకి వస్తే నకలు ఇస్తాం.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
శ్రీ సత్యసాయి జిల్లా