ట్యాగ్ కట్టిన పక్షికి తర్వాత ఏమైంది?

సంపాదకుడికి,

2022లో ఒక గాడ్‌విట్ పక్షి అలాస్కా నుంచి టాస్మానియా దాకా ఎక్కడా వాలకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరిందని పత్రికలు గొప్పగా రాశాయి. అప్పటికి దాని వయసు ఐదు నెలలే. ఆ సంగతి తెలిసింది దానికి తగిలించిన చిన్న ఉపగ్రహ ట్యాగ్ వల్ల. ఇలాంటి వార్తలు నేనూ ఇష్టంగా చదువుతాను. అయితే మనం చదివేది రికార్డు కొట్టిన పక్షి గురించే. దారిలో సిగ్నల్ ఆగిపోయినవాటి ఊసు ఎవరూ ఎత్తరు. ఆగింది పరికరమా, పక్షి ప్రాణమా అన్నది చాలాసార్లు తేలదు కూడా.

పరికరం బరువు పక్షి బరువులో 3 శాతం మించకపోతే ఫరవాలేదని ఒక లెక్క చాలాకాలంగా నడుస్తోంది. ఆ ఒక్క అంకెను పట్టుకుని నిశ్చింతగా ఉండలేం. ట్యాగ్ ఆకారం గాలికి ఎంత అడ్డం పడుతోంది, పట్టీ ఒంటికి ఎక్కడ ఒరుసుకుంటోంది అన్నవీ చూడాలి. గ్రేట్ స్కువా, లెసర్ బ్లాక్ బ్యాక్డ్ గల్ అనే రెండు సముద్రపక్షులకు పట్టీలతో జీపీఎస్ కట్టి చూశారు. గల్స్‌కు ఏ తేడా కనబడలేదు. స్కువాలు మాత్రం శీతాకాలం గడిచాక తిరిగి రావడం బాగా తగ్గిపోయింది. ఒక జాతికి సేఫ్ అని తేలితే ఇంకో జాతికీ సేఫేనని ఎలా అనుకుంటాం? 2010లో 84 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, పరికరాలు మోసే పక్షులకు శక్తి ఎక్కువ ఖర్చవుతోందని, అవి గూడు పెట్టే అవకాశం తగ్గుతోందని తేలింది.

ఇక ఏళ్ల తరబడి మోస్తే? కింగ్ పెంగ్విన్ల సంగతి చూడండి. అవి మోసింది ట్రాకర్ కూడా కాదు, రెక్కకు వేసిన గుర్తింపు పట్టీ. పదేళ్లు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. పట్టీ లేనివాటితో పోలిస్తే వీటికి పిల్లలు 39 శాతం తక్కువ, బతికి ఉండే రేటు 16 శాతం తక్కువ. పిల్లల్ని కనే చోటికి ఆలస్యంగా చేరేవి, మేతకు వెళ్తే ఎక్కువ రోజులు పట్టేది. ఒకటి రెండు సీజన్లు చూసి ఊరుకుంటే ఇదంతా బయటపడేదా?

ట్రాకింగ్ మానేయమని నేననను. వలసపక్షులు ఎక్కడ ఆగుతాయో, ఎక్కడ చనిపోతున్నాయో తెలియకుండా వాటిని కాపాడలేం. చిన్న పక్షుల మీద జరిగిన చాలా అధ్యయనాల్లో హాని స్వల్పంగానే కనబడిందన్నదీ నిజమే. కానీ అనుమతి ఇచ్చేవాళ్లు కొన్ని షరతులు పెట్టొచ్చు. పని అయ్యాక తనంతట తాను తెగి పడిపోయే పట్టీలు వాడాలి. ట్యాగ్ లేని పక్షుల్ని కూడా అదే చోట, అన్నేళ్లూ గమనించాలి. తిరిగి రానివాటి లెక్కా ప్రచురించాలి.

ఈసారి మీరు ఇలాంటి రికార్డు వార్త వేసేటప్పుడు, ఎన్ని పక్షులకు ట్యాగ్ కట్టారు, మరుసటి ఏడాది వాటిలో ఎన్ని కనిపించాయి అని పరిశోధకుల్ని అడిగి ఆ రెండు అంకెలు కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు