లెక్కైనా సరిగ్గా రాయండి

సంపాదకుల వారికి,

ఏప్రిల్ 9న మీ పత్రికలో 2013 నాటి దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసు తీర్పు వార్త చదివి వారం దాటింది. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపం మీద రాస్తే నా చేతిరాత మా ఇంట్లోవాళ్లకే అర్థం కాదని ఆగాను. వారమైనా కోపం తగ్గలేదు కాబట్టి ఇక రాసేస్తున్నాను.

మొదటి పేజీలో మృతులు 18 మంది అన్నారు. ఐదో పేజీలో బాక్సు కట్టి వేసిన ‘ఆ రోజు ఏం జరిగింది’లో 16 అన్నారు. సిటీ పేజీకి వచ్చేసరికి 17 అయింది. మీ ఆఫీసులో ఈ మూడు పేజీలు చేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరా? 16 అనేది 2013లో ఆ వారం టీవీల్లో నడిచిన లెక్క. తర్వాత ఆసుపత్రిలో పోయినవాళ్లున్నారు. తల్లి కడుపులోనే పోయిన బిడ్డతో కలిపితే 18. కేసు దర్యాప్తు చేసిన జాతీయ దర్యాప్తు సంస్థ, ఎన్‌ఐఏ చెప్పిన లెక్క కూడా అదే. బాక్సులో 16 అని వేసినప్పుడు ఎవరిని కొట్టేశారో ఒక్క క్షణం ఆలోచించారా?

ఇక ఫొటో. కింద ‘పేలుడు జరిగిన దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్’ అని రాశారు. భూతద్దం పెట్టి మరీ చూశాను. అది కోఠీ. గోకుల్ చాట్. 2007 ఆగస్టు 25న అక్కడ జరిగిన పేలుడుది. ఆ సాయంత్రమే లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తున్నవాళ్ల మధ్య ఇంకో బాంబు పేలింది. మా దిల్‌సుఖ్‌నగర్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి కింద పేలని బాంబు దొరికింది కూడా ఆ రోజే. అంతకు ముందు, 2002లో మా సాయిబాబా గుడి దగ్గర స్కూటర్ బాంబు. మీకు అన్నీ ఒకలాగే కనబడొచ్చు. మాకు దేనికదే.

ఇంత చాదస్తం దేనికని మీరు అనుకోవచ్చు. నాది మెయిన్ రోడ్డు మీంచి సందులోకి తిరగగానే రెండో మల్గీ. జిరాక్స్, అప్లికేషన్ ఫారాలు, పెన్నులు. కోచింగ్ పిల్లలే నా గిరాకీ. 2013 ఫిబ్రవరి 21 గురువారం. గురువారం సాయంత్రమంటే మా దగ్గర గుడికొచ్చే జనం, క్లాసులు వదిలిన పిల్లలు, ఆఫీసుల నుంచి తిరిగొచ్చేవాళ్లు, అంతా రోడ్డు మీదే. ఏడు గంటలు కావస్తోంది. ఒక అమ్మాయి డిగ్రీ మెమో తెచ్చి ఐదు కాపీలు తీయమంది. మెమో అద్దం మీద పెట్టి, మూత వేసి, మీట నొక్కాను. రెండో కాపీ బయటికి వస్తుండగా చప్పుడు. ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నాను. బయటికి తొంగి చూశానో లేదో రెండోది. అది వినబడలేదు, ఛాతీకి తగిలింది. నాకు బాగా గుర్తున్నది ఒకటే, కరెంటు పోలేదు. షట్టరు ఊగుతోంది, కౌంటరు మీద గాజుపెంకులు, మిషన్ మాత్రం మిగతా మూడు కాపీలూ తీసి ట్రేలో పెట్టింది. తిరిగి చూస్తే అమ్మాయి లేదు.

ఒక బాంబు 107 బస్టాపు దగ్గర, ఇంకొకటి ఏ-1 మిర్చి సెంటర్ దగ్గర. రెండూ సైకిళ్లకు కట్టి పెట్టినవే. రోడ్డు మీద నేనేం చూశానో రాయను. మీరు వేసుకోరు, నేనూ రాయలేను. ఒకాయన్ని ఆటోలో ఎక్కించి మలక్‌పేటలో ఆసుపత్రి దాకా నేనే పోయాను. దారంతా ఆయన చేతిలో ఫోను మోగుతూనే ఉంది. ఎత్తి ఏం చెప్పాలో తెలియక ఎత్తలేదు. ఆ పాపం ఇప్పటికీ పీకుతూనే ఉంటుంది.

ఐదో రోజు ఆ అమ్మాయి వచ్చింది. “అంకుల్, నా మెమో ఉందా?” అని అడిగిందట. నేను లెడ్జర్ చూసుకుంటూ పలకలేదు. మూడోసారి గట్టిగా అరిస్తే గానీ తల ఎత్తలేదు. నా కుడి చెవి పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. మెమోను మీ పేపర్లోనే చుట్టి సొరుగులో దాచాను. తీసి ఇచ్చాను. ఐదు కాపీలకు డబ్బులు వద్దన్నా వినకుండా పది రూపాయల నోటు కౌంటరు మీద పెట్టి పోయింది.

చెవి డాక్టరు చూసి కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు. క్షతగాత్రుల లిస్టులో పేరు రాయించుకోమని ఎవరో చెబితే ఒక ఆఫీసుకు పోయాను. “లిస్టు క్లోజ్ అయింది” అన్నారు. అంత దెబ్బ తగిలినవాడివి ఆ రాత్రే ఆసుపత్రికి ఎందుకు పోలేదన్నారు. పోయానండీ, వేరే మనిషిని తీసుకుని పోయాను అన్నాను. ఆ సమయానికి షాపులో ఉన్నట్టు రుజువు తెమ్మన్నారు. ఐదు జిరాక్స్ కాపీలకు ఎవడైనా బిల్లు రాస్తాడా? మళ్లీ వెళ్తే కాగితాలన్నీ నాలుగేసి సెట్లు జిరాక్స్ తీయించి, గెజిటెడ్ ఆఫీసర్ సంతకం పెట్టించుకుని రమ్మన్నారు. జిరాక్స్ షాపువాణ్ణి నన్ను! ఆ సెట్లు తీశాను కూడా. మూడోసారి వెళ్లేసరికి సారు ట్రాన్స్‌ఫర్ అయ్యారు. అందుకని గాయపడినవాళ్లు 131 మంది అని ఎక్కడ చదివినా, అందులో నేను లేనని నాకు తెలుసు. నాలాంటివాళ్లు ఇంకెందరున్నారో ఏ ఆఫీసూ లెక్కపెట్టలేదు.

ఇక తీర్పు సంగతి. 2016 డిసెంబరులో కింది కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. దాన్ని హైకోర్టు ఖాయం చేయడానికి 2025 ఏప్రిల్ 8 దాకా పట్టింది. పైన సుప్రీంకోర్టు ఉండనే ఉంది. ఏ-1 మిర్చి సెంటర్ దగ్గర బాంబు పెట్టించిన కేసులో ఏ-1 ముద్దాయి రియాజ్ భత్కల్ ఇప్పటికీ దొరకలేదు. ఆ సంగతి మీ వార్తలో పదకొండో పేరాలో ఉంది. తీర్పు రోజు మధ్యాహ్నం ఒక చానెల్ కుర్రాడు మైకు పట్టుకుని షాపులోకి వచ్చి “ఎలా ఫీలవుతున్నారు సార్?” అన్నాడు. 2013లో వాడు ఏ నాలుగో తరగతో చదువుతుంటాడు, వాణ్ణని ఏం లాభం? కుడివైపు నిలబడ్డాడు, వినబడలేదని చెప్పి పంపేశాను.

పేలుళ్లయ్యాక అప్పటి కేంద్ర హోంమంత్రి షిండే గారు, రెండు రోజుల ముందే సమాచారం ఉందని, రాష్ట్రాలకు పంపామని సెలవిచ్చారు. పంపారు, అందింది, కాదనను. బస్టాపులో నిలబడ్డవాళ్లకు తప్ప అందరికీ అందింది. మన సీసీ కెమెరాలు పనిచేశాయా లేదా అని మరో వారం చర్చ. ఇప్పుడు మా సెంటర్లో ఎటు తలెత్తినా కెమెరాయే. పాల ప్యాకెట్ కోసం హెల్మెట్ లేకుండా వంద గజాలు పోతే ఫొటోతో సహా చలానా వస్తుంది. అదే ఫుట్‌పాత్ మీద ఎవరిదో స్కూటీ దుమ్ము కొట్టుకుపోయి నాలుగు రోజులు పడి ఉంటే ఏ కెమెరాకీ కనబడలేదు. నేనే ఫోన్ చేసి చెప్పాను. “మీ పేరేంటి? మీరెందుకు చూస్తున్నారు?” అని అడిగారు. ఎందుకు చూస్తున్నానా! దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ, నిలబెట్టి వదిలేసిన బండిని చూడకుండా ఎలా పోతానయ్యా? మాల్స్ ముందు మెటల్ డిటెక్టర్లు పెట్టారు. అది కుయ్యిమన్నా కాపలా మనిషి ఫోన్లోంచి తల ఎత్తడు.

ఇంకో మాట. తీర్పు వచ్చిన సందర్భమని నగరంలో జరిగిన పేలుళ్లన్నీ పట్టిక వేశారు, బాగుంది. అందులో 2007 మే 18 మక్కా మసీదు పేలుడుకు ఒక్క లైను. బాంబుకు తొమ్మిది మంది పోతే, తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. ఆ ఐదుగురిని పట్టికలో రాయలేదు. ఆ రోజుల్లో పట్టుకుపోయిన పాతబస్తీ కుర్రాళ్లను నిర్దోషులని వదిలేసిన సంగతీ రాయలేదు. చివరికి 2018లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు విడిచిపెట్టింది. అంటే ఆ బాంబు ఎవరూ పెట్టలేదన్నమాట. మా సందు చివర మెకానిక్ షెడ్డు సాయిబు, 2013లో ఆ 21వ తేదీ రాత్రి నాతోపాటు మనుషుల్ని ఎత్తి ఆటోల్లో వేసినవాడు, తర్వాత నెల రోజులు షెడ్డు తెరవలేదు. ఎందుకని అడిగితే “ఎవరు ఎలా చూస్తారోనని టెన్షన్, అన్నా” అన్నాడు. ఆయనా మీ లెక్కల్లో లేడు.

‘మర్నాడే షట్టర్లు తెరిచిన నగరం, తలవంచని హైదరాబాద్’ అని మీ ఆదివారం సంచికలో ఎవరో కవిత్వం రాశారు. నేను మూడో రోజు తెరిచాను. ఒకటో తారీఖు దగ్గరకొచ్చింది, మల్గీ కిరాయి కట్టాలి. మా ఓనరుకు కవిత్వం పడదు.

సవరణ వేస్తే ఎవరికీ కనబడని మూల వెయ్యకండి. మూడు పేజీల్లో మూడు లెక్కలు వేశారు కదా, మూడు చోట్లా సరిచేయండి. ఫొటో కావాలంటే ఆ నెలలో మా సందు మొదట్లోంచి తీసినవి నా దగ్గర రెండున్నాయి. మీ మనిషిని పంపితే కాపీలు తీసి ఇస్తాను, డబ్బులేం వద్దు. పొద్దున పది తర్వాత రమ్మనండి. వచ్చినవాణ్ణి ఎడమవైపు నుంచి పిలవమనండి.

ఇట్లు,
మీ పాత చందాదారు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్