గిల్డులు మంచివా చెడ్డవా అన్నావుగా

అమ్మలూ,

రాత్రి ఫోన్‌లో నువ్వు గిల్డుల గురించి, అంటే మధ్యయుగాల యూరప్‌లో వర్తకులు కట్టుకున్న సంఘాల గురించి, మంచివా చెడ్డవా అని అడిగితే "మంచీ ఉంది చెడూ ఉంది తల్లీ" అనేసి తప్పించుకున్నాను. పెట్టేశాక నాకే బాగోలేదు. అందుకే ఇది, పొడుగైతే తిట్టుకోకు.

గిల్డులు వర్తకుల్ని రాజుల దోపిడీ నుంచి కాపాడాయని మీ క్లాసులో చెప్పిన వాదం తప్పేం కాదు. పరాయి రేవుకి సరుకేసుకుని వెళ్లిన వర్తకుణ్ని అక్కడి రాజు దోచుకుంటే అతను మళ్లీ రాడు, సరే, ఒక్కడు రాకపోతే రాజుకేం లోటు? అందరూ ఒకేసారి మానేస్తేనే దారికొస్తాడు. గ్రైఫ్, మిల్‌గ్రోమ్, వైన్‌గాస్ట్ అనే ముగ్గురు పరిశోధకులు 1994లో చెప్పింది దాదాపు ఇదే. కానీ అందరూ మానేసిన రోజున దొంగచాటుగా వెళ్లి అమ్మేవాడికి పండగే కదా, పోటీ ఉండదు, చెప్పిందే ధర. కాబట్టి సంఘానికి రాజుని బెదిరించే బలం కంటే ముందు సొంతవాళ్లని ఆపే బలం కావాలి.

1284లో నార్వేవాళ్లు ఒక జర్మన్ ఓడని దోచుకున్నారని ల్యూబెక్ అనే జర్మన్ పట్టణం, దానితో కలిసిన రేవు పట్టణాలు (తర్వాత హాన్సా అని పేరొచ్చింది వీళ్లకే) ఆ దేశానికి ధాన్యం ఆపేశాయి. బయటి ధాన్యం లేందే గడవని దేశం, చివరికి పరిహారం కట్టి, హక్కులు కూడా ఇచ్చుకుంది. బ్రెమెన్ అనే ఇంకో జర్మన్ పట్టణం మాత్రం కలవనంది. దాన్ని వెలేశారు, మళ్లీ చేర్చుకున్నది 1358లో! మూడు తరాల కోపం అన్నమాట.

ఇప్పుడు అదే వెలిని ఇంకోలా వాడితే? "ఆ రాజుకి అమ్మొద్దు" అన్న మాట మీద అందర్నీ నిలబెట్టినవాళ్లకి "ఈ ధరకి తగ్గి అమ్మొద్దు" అనడం ఎంతసేపు. వ్యాపారులు రింగయ్యారు, సిండికేటయ్యారు అంటామే, ఇదే. అదే నార్వేలో బెర్గెన్ రేవు సంగతి చూడు, ఉత్తరాది జాలర్లకి జర్మన్ వర్తకులు ధాన్యం అప్పుమీద ఇచ్చేవాళ్లు, అప్పు తీరేదాకా ఎండుచేప వాళ్లకే వెయ్యాలి. దోపిడీకి విరుగుడుగా మొదలైనవాళ్లే ఇలా తయారయ్యారు.

షీలా ఓగిల్వీ అనే ఆర్థిక చరిత్రకారిణి ఇందుకే మీ క్లాసులో చెప్పిన ఆ వాదం ఒప్పుకోదు. రాజులు సంఘాలకి గుత్త హక్కులిచ్చి బదులుగా డబ్బు తీసుకున్నారు, నలిగింది కొనేవాళ్లూ, సంఘంలోకి రానివ్వని ఆడవాళ్లూ యూదులూ అంటుంది. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు సంతల్లో అక్కడి ప్రభువులు ఏ ఊరి వర్తకుడికైనా రక్షణ ఇచ్చారు, గిల్డు లేకుండానే వ్యాపారం సాగింది కదా అనీ అంటుంది. నేను ముప్పాతిక వంతు ఆవిడ వైపే. అయితే అలాంటి ప్రభువు దొరకని రేవులో వర్తకుడేం చెయ్యాలి అన్నది మాత్రం నాకింకా తెగలేదు, మీ మేడమ్‌ని అడిగి చూడు.

బ్రెమెన్ మీద నాకెందుకో జాలి. నువ్వు ఎవరి వైపో శనివారం ఫోన్ చేసినప్పుడు చెప్పు.

నాన్న