పులి వచ్చిందని వేశారు, కాదని తేలాక అదీ వేయండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

మాది కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో ఒక చిన్న ఊరు. నాకు యాభై ఆరేళ్ళు. పదో తరగతి వరకు చదువుకున్నాను. ఎకరంన్నర జీడిమామిడి తోట ఉంది. నిరుటి దాకా మూడు గేదెలు ఉండేవి, ఇప్పుడు రెండే ఉన్నాయి. ఆ మూడో గేదె ఎలా పోయిందో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

దాన్ని పులి ముట్టుకోలేదు. పులి వచ్చిందన్న పుకారుకు భయపడి నేనే అమ్ముకున్నాను.

నిరుడు సంక్రాంతి వెళ్ళిన వారం. పొద్దున్నే మా వీధిలో అందరి ఫోన్లకూ ఒక వీడియో వచ్చింది. రాత్రిపూట, కారు లైట్ల వెలుతురులో, చారలున్న పులి రోడ్డు దాటుతోంది. వెనక నుంచి ఎవరో తెలుగులో "ఏలేశ్వరం దాటాక, కాలువ గట్టు మీద, ఇప్పుడే" అని చెబుతున్నారు. మర్నాడు టీకొట్టు దగ్గర ఒక పత్రికలో "పులి సంచారం?" అని పెద్ద అక్షరాలతో వచ్చింది. వీడియోలోని బొమ్మే పక్కన వేశారు. ఆ పత్రిక పేరు ఇక్కడ రాయను. ప్రశ్న గుర్తు పెట్టారు, నిజమే. కానీ మా ఊళ్ళో ఆ గుర్తును ఎవరూ చదవలేదు, పులి అన్న మాటనే చదివారు.

మా మకాం ఊరికి కిలోమీటరు దూరంలో, తోట పక్కన ఉంటుంది. పశువులు రాత్రిళ్ళు అక్కడే ఉంటాయి. ఆ రోజు పొద్దున కుడితి తొట్టి దగ్గర తడి మట్టిలో పెద్ద అడుగు ఒకటి కనబడింది. నా కాళ్ళు వణికాయి. మా ఆయనకు షుగరు, మోకాళ్ళ నొప్పులు, రాత్రి కాపలా కాయలేరు. అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు. సాయంత్రానికి పశువుల బేరగాడు ఒకడు ఇంటికొచ్చాడు. "అక్కా, మీ మకాం కాలువకు దగ్గర. ఇవాళ కాకపోతే రేపు. పోయాక రూపాయి రాదు" అన్నాడు. ఏడో నెల చూడి గేదె. ఎనభై వేలకు తక్కువ ఉండదు. మర్నాడు నలభై ఆరు వేలకు తాడు వాడి చేతిలో పెట్టాను. మా వీధిలో ఆ వారం ఇంకో ఇద్దరు ఇలాగే అమ్ముకున్నారు.

అది వెళ్ళిన రోజు సాయంత్రం మా మనవరాలు, ఎనిమిదో తరగతి చదువుతోంది, ఆ వీడియో ఆపి ఆపి చూసింది. "నాయనమ్మా, ఈ మైలురాయి మీద అక్షరాలు తెలుగు కాదు, హిందీ" అంది. అంతమందిమి అన్నిసార్లు చూశాం, ఒక్కరికీ ఆ రాయి కనబడలేదు.

పులి అంటే ఏమిటో తెలియనివాళ్ళం కాదు మేము. 2022లో మా దగ్గరకు నిజంగానే వచ్చింది. మే నెల ఆఖరు, కాకినాడ జిల్లా ఏర్పడి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. పోతులూరు, శరభవరం, పాండవులపాలెం వైపు గేదెలు చచ్చి పడుతున్నాయని విన్నాం. ఒకరు దుమ్ములగొండి (హైనా) అన్నారు, ఇంకొకరు చిరుత అన్నారు. ట్రాప్ కెమెరాల్లో బొమ్మ పడ్డాకే పెద్దపులి అని తేలింది. ప్రత్తిపాడు, శంఖవరం, రౌతులపూడి మండలాల్లో తిరిగింది. బోనులు పెట్టారు, ఎరలు కట్టారు, చిక్కలేదు. తర్వాత అనకాపల్లి జిల్లాలోకి, అక్కడి నుంచి విజయనగరం వైపు వెళ్ళిపోయింది.

ఆ రోజులు ఎలా గడిచాయో మాకే తెలుసు. గేదెల్ని ఊళ్ళోకి తోలుకొచ్చి వీధిలో కట్టేశాం. మేత కోయడానికి పది మందిమి కలిసి, డబ్బాలు వాయించుకుంటూ వెళ్ళేవాళ్ళం. మామూలుగా నేను తెల్లవారుజామున నాలుగున్నరకు పాలు పితికి, ఐదున్నరకల్లా కేంద్రంలో పోస్తాను. ఆ రోజుల్లో తెల్లారేదాకా తలుపు తీయలేదు. చోటు మారిన గేదెలు పాలు సగానికి సగం తగ్గించేశాయి.

అప్పుడు మా మకాం వైపు అడుగులు వెతుక్కుంటూ ట్రాకర్ ఒకాయన వచ్చాడు. మజ్జిగ ఇచ్చాను. ఆయన నన్ను పోలవరం ఎడమ కాలువ గట్టు దాకా తీసుకెళ్ళి పులి అడుగు చూపించాడు. వేళ్ళు ముడిచి పెడితే నా చెయ్యి అందులో పట్టింది. తర్వాత పక్కనే మట్టిలో పుల్లతో గీసి చెప్పాడు. పులి, చిరుత, పిల్లి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటాయి, అందుకే అడుగులో గోళ్ళ గుర్తులు పడవు. కుక్కకు, నక్కకు, దుమ్ములగొండికి వేళ్ళ ముందు గోళ్ళ చుక్కలు పడతాయి. పెద్దపులి అడుగు అడ్డంగా పన్నెండు నుంచి పధ్నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, చిరుతది ఏడెనిమిదికి కాస్త అటూఇటూ. ఎదిగిన గేదెను పడగొట్టిందంటే చాలావరకు పెద్దపులే. చిరుత దూడల్ని, మేకల్ని, కుక్కల్ని పట్టుకుపోతుంది. పులి తొడల వైపు నుంచి తినడం మొదలుపెడుతుంది. దుమ్ములగొండి అయితే ఎముకలు కూడా నమిలేస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాడు. పశువు చస్తే కళేబరాన్ని కదపొద్దు, అటవీ వాళ్ళూ పశువుల డాక్టరూ వచ్చి రాసుకుంటేనే పరిహారం వస్తుంది. కోపంతో దాని మీద గుళికల మందు చల్లితే పులితో పాటు కుక్కలూ గద్దలూ చస్తాయి, మీరు జైలుకు పోతారు అని.

ఆయన మా వాకిట్లో ఉన్నది అరగంట. ఆ అరగంటలో నేర్చుకున్నంత నాకు ఇంకే పేపరూ ఏ టీవీ చెప్పలేదు. ఇలా రాస్తున్నానని ఏమీ అనుకోకండి.

అప్పుడు భయం ఉన్నా, ఒక ఆధారం ఉండేది. అడుగు ముద్రలు ఏ ఊరి దగ్గర పడ్డాయో సాయంత్రానికల్లా తెలిసేది. దాన్నిబట్టి రేపు ఎటు వెళ్ళాలో ఎటు వెళ్ళకూడదో అనుకునేవాళ్ళం. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం దివాన్‌చెరువు దగ్గర చిరుత తిరిగి, తర్వాత కడియం నర్సరీల వైపు వచ్చినప్పుడు, అక్కడ కూలికి వెళ్ళే మా చెల్లెలు రోజూ ఫోన్ చేసేది. కొన్ని రోజులు దాని కూలి పోయింది. అయినా "అడుగులు ఎక్కడ పడ్డాయో చెబుతున్నారక్కా, అందుకే కాస్త నిద్ర పడుతోంది" అనేది.

నిరుడు మాకు అలా చెప్పినవాళ్ళు లేరు. ఆ తొట్టి దగ్గర అడుగు మీద నేను గంప బోర్లించి ఉంచాను, కోళ్ళు తొక్కకుండా, మంచుకు చెరిగిపోకుండా. కబురు పంపితే మూడో రోజు అటవీ శాఖ మనిషి వచ్చాడు. గంప ఎత్తగానే నవ్వాడు. "గోళ్ళు చూడమ్మా, దుమ్ములగొండి ఇది" అన్నాడు. నేను కూడా చూశాను. నాలుగు వేళ్ళ ముందూ నాలుగు చుక్కలు. 2022లో నేర్చుకున్నదే. భయంలో ఒక్కటీ గుర్తు రాలేదు. అప్పటికే గేదె వెళ్ళిపోయింది.

ఆ వారంలో జరిగినవి ఇంకా ఉన్నాయి. పక్క ఊళ్ళో పామాయిల్ తోటలో కుర్రాళ్ళు "పులిపిల్ల" అని కర్రలతో కొట్టి ఒకదాన్ని చంపారు. అది అడవిపిల్లి, ఎలుకల్ని తిని బతికేది. మా వెనక వీధిలో ఒకతను మకాం చుట్టూ కరెంటు తీగ కట్టాడు. వాళ్ళ కుక్కే దానికి తగిలి చచ్చింది. ఆ తీగకు రెండు బారల దూరంలోనే పొద్దున పిల్లలు మేకల్ని తోలుకుపోతారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షన్‌గా ఉంటుంది.

ఆ వీడియో మా వైపుది కాదని తేలాక ఆ పత్రికలో ఏమైనా వస్తుందేమోనని పది రోజులు టీకొట్టుకు వెళ్ళి చూశాను. ఒక్క ముక్క కూడా రాలేదు.

పులి వార్తలు వేయొద్దని నేను అనను. 2022లో మొదటి గేదె పడ్డప్పుడే గట్టిగా రాసి ఉంటే, ఇంకో ఇద్దరు ముగ్గురు తమ పశువుల్ని ముందే ఊళ్ళోకి తోలుకునేవారు. నేను అడిగేది ఇది. పులి కనబడిందని ఎవరైనా చెబితే, ఆ బొమ్మ ఎవరు తీశారో, ఎక్కడ తీశారో కనుక్కుని వేయండి. తెలియకపోతే ఆ బొమ్మ వేయకండి. అడుగు ఉంటే పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో వేయండి, గోళ్ళు పడ్డాయో లేదో రాయండి. పశువు చచ్చి ఉంటే ఎటువైపు తిన్నదో రాయండి. మా పల్లెల్లో చదివేవాళ్ళకు అవి చాలు, మిగతాది మేమే తేల్చుకుంటాం. తర్వాత, పులి కాదని తేలితే, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో "కాదు" అని వేయండి. నిజంగా పులే అయితే, ఏ రోజు ఏ ఊరి దగ్గర ముద్రలు పడ్డాయో రోజూ ఒక చిన్న పెట్టెలో ఇవ్వండి. అటవీ శాఖ వారు కూడా ఆ సమాచారాన్ని సాయంత్రం ఆరులోపు మా ఊరి సచివాలయం గోడకు ఒక కాగితం మీద రాసి అంటిస్తే, ఫోన్లు లేని ముసలివాళ్ళకు కూడా తెలుస్తుంది. ప్రతి ఊళ్ళో ఇద్దరికి, ముఖ్యంగా మేతకు, కట్టెలకు పోయే ఆడవాళ్ళకు, అడుగులు గుర్తుపట్టడం నేర్పించాలి. అరగంట చాలు, నాకు అంతే పట్టింది.

మా గేదె వైశాఖంలో పెయ్యదూడను ఈనిందని తెలిసింది. జగ్గంపేట వైపు ఎవరి దగ్గరో ఉందట. పూటకు ఐదు లీటర్లు ఇస్తోందట. చూసిరావాలని ఉంది కానీ వెళ్ళలేదు.

ఈ ఉత్తరంతో ఒక ఫోటో పంపుతున్నాను. కుడితి తొట్టి దగ్గర ఆ రోజు పడ్డ అడుగు అది. స్కేలు లేక నా చేతి గాజు తీసి పక్కన పెట్టాను. రెండు ఆరు సైజు గాజు. అడుగు దానికంటే కాస్తే పెద్దది. వేళ్ళ ముందు చుక్కలు బాగా కనబడుతున్నాయి. పెద్దపులి అడుగైతే అలాంటి గాజులు రెండు పక్కపక్కన పట్టేవి. మీకు వీలైతే అచ్చు వేయండి. కింద మాత్రం "ఇది పులి కాదు, దుమ్ములగొండి" అని రాయండి.

బేరగాడు మా చుట్టుపక్కలవాడే కాబట్టి నా పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక పాడి రైతు,
ప్రత్తిపాడు మండలం, కాకినాడ జిల్లా.